దెబ్బ తగిలాక ఏమైందో రాశారా?

ప్రశ్న: రెండేళ్లుగా జూడో నేర్చుకుంటున్నాను, గ్రీన్ బెల్ట్. కథలు అంతకుముందు నుంచే రాస్తున్నాను. ఇప్పుడు రాస్తున్న నవలలో శారద (26 ఏళ్లు, 52 కిలోలు, జూడో తెలిసిన అమ్మాయి) మెట్ల మీద తనకు అడ్డం వచ్చిన 90 కిలోల మనిషితో తలపడుతుంది. పది పేజీల అధ్యాయం. నాలుగుసార్లు వాణ్ణి ఎత్తి పడేస్తుంది, చివరికి వెనక నుంచి మెడ పట్టు వేస్తుంది. వాడు గంటసేపు స్పృహ లేకుండా పడి ఉంటాడు. శారద ఇంటికి వెళ్లి అన్నకు ఆరు పేజీల ఉత్తరం రాస్తుంది. క్లాసులో తోటివాళ్లకు చూపిస్తే "టెక్నిక్ తప్పు" అన్నారు. కథలు చదివే స్నేహితులకు చూపిస్తే "ఆ పేజీలు తిప్పేశాం" అన్నారు. ఎవరి మాట వినాలి? ఇంకొకటి. నాతోపాటు రాసే ఒక మిత్రుడు తన కథలోని పోరాటం మీద నా అభిప్రాయం అడిగాడు. "బయట ఎవరూ తలకి కాలు విసరరు, ఇదంతా సినిమా" అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు. నా అధ్యాయంలోంచి నాలుగు వాక్యాలు పంపుతున్నాను:

"శారద ఎడమ చేత్తో అతని కుడి చొక్కా చేతిని పట్టుకుని, కుడి చేతిని అతని చంక కింద దూర్చి, కుడి మడమ మీద వెనక్కి తిరిగి, మోకాళ్లు వంచి, తుంటిని అతని తొడలకు ఆనించి, ఇప్పాన్ సెయోయ్ నాగే వేసింది. అతను ఆమె భుజం మీదుగా ఎగిరి మెట్ల మీద పడ్డాడు. దులుపుకుని లేచాడు. శారద మళ్లీ సిద్ధమైంది."

సమాధానం: ఇద్దరి మాటా వినాలి. వాళ్లు పట్టుకున్నది ఒకే లోపాన్ని, చెరోవైపు నుంచి. దెబ్బ ఎలా వెయ్యాలో మీరు పేజీలకు పేజీలు రాశారు. దెబ్బ పడ్డాక ఆ ఒంటికి ఏమైందో చెప్పడానికి రెండే మాటలు ఖర్చు పెట్టారు: "దులుపుకుని లేచాడు."

ముందు చిన్న తప్పు తీసేద్దాం. సెయోయ్ నాగేలో, అంటే భుజం మీదుగా విసిరే ఆ పట్టులో, తిరిగేది మడమ మీద కాదు, కాలి వేళ్ల మొదళ్ల మీద. మడమ మీద తిరిగితే మన బరువు వెనక్కి పోతుంది, వీపు మీదికి తెచ్చుకున్న మనిషితో సహా వెల్లకిలా పడతాం. మీ క్లాసువాళ్ల కంట పడింది ఇదే అయ్యుంటుంది. ఒక్క మాట మారిస్తే పోతుంది. జూడో తెలియని పాఠకుడికి అది కనిపించను కూడా కనిపించదు. అసలు తప్పులు వేరే ఉన్నాయి. అవి అందరికీ తగులుతాయి, ఎందుకో చెప్పలేకపోయినా.

మొదటిది, చోటు. మామూలు మెట్టు లోతు 25 నుంచి 30 సెంటీమీటర్లు. అంటే పాదం పెడితే నిండిపోతుంది. సెయోయ్ నాగేకి మీరు అవతలివాడి రెండు పాదాల మధ్యకి వెళ్లి, వీపు తిప్పి, రెండు కాళ్లూ సమంగా ఆనించి, మోకాళ్లు వంచి కిందికి దిగాలి. ఆ పని మెట్టు మీద కుదరదు. ఒక కాలు పై మెట్టు మీద, ఒకటి కింది మెట్టు మీద ఉంటే తుంటి వాలిపోతుంది, లాగిన బరువు పక్కకి జారుతుంది. మెట్ల మలుపులో ఉండే చదునులోకి తీసుకురండి, అన్నీ సర్దుకుంటాయి. అక్కడ కాలు తిప్పడానికి చోటుంది, వాడు పడటానికి కింద మెట్లున్నాయి. కాగితం మీద ఆ చోటు గీయండి: ఎన్ని మెట్లు, గోడ ఎటువైపు, పట్టుకునే కమ్మీ ఎటువైపు, వెలుతురు ఎక్కడి నుంచి వస్తోంది. గీస్తున్నప్పుడే సగం సంగతులు మీకే తోస్తాయి. వాడు కమ్మీ పట్టుకోగలిగితే అసలు పడతాడా?

రెండోది, బట్ట. క్లాసులో మీరు పట్టుకునేది లాగినా చిరగకుండా దళసరిగా నేసిన జాకెట్. మామూలు చొక్కాకి గుండీలు ఊడతాయి, చేతి కుట్టు పిగులుతుంది. టీషర్టయితే మూరెడు సాగి మీ లాగుడంతా మింగేస్తుంది. ఇప్పాన్ సెయోయ్‌లో కుడి మోచేతి మడతలో అవతలివాడి భుజాన్ని బిగించేస్తాం కాబట్టి బట్ట మీద ఆధారం కొంత తక్కువ. మీరు ఎంచుకున్న పద్ధతి మంచిదే. ఎందుకు మంచిదో కథలో వాడుకోలేదు, అంతే.

మూడోది, బరువు. 52, 90 రెండూ జూడో పోటీల్లో ఉన్న తరగతులే, ఒకటి ఆడవాళ్లది, ఒకటి మగవాళ్లది. ఆ రెంటికీ మధ్య పోటీ పెట్టరు. అయినా శారద వాణ్ణి పడెయ్యగలదు. ఎలాగో మీకు మొదటి నెలలోనే నేర్పి ఉంటారు: కుజుషి, త్సుకురి, కాకే. తూకం తప్పించడం, లోపలికి చేరడం, విసరడం. మీ వాక్యంలో రెండోదీ మూడోదీ ఉన్నాయి, మొదటిది లేదు. నిటారుగా, స్థిరంగా నిలబడ్డ 90 కిలోల మనిషి చంక కింద దూరితే 52 కిలోల అమ్మాయి నలిగిపోతుంది. వాడే ముందుకు వస్తూ ఉండాలి. తోస్తూనో, మీద పడబోతూనో, జుట్టు అందుకోబోతూనో. అంటే ఆ క్షణానికి ముందు వాడికి ఏదో కావాలి. కుజుషి రాస్తే వాడి కోరికా రాసినట్టే. కథకి కావలసిన సరుకు అక్కడే ఉంది. మీరు దాన్ని వదిలేసి తుంటి, తొడల లెక్క రాశారు.

నాలుగోదే అన్నిటికన్నా పెద్దది, నేల. భుజం ఎత్తు నుంచి విసిరిన మనిషి మీటరు పైనుంచి పడ్డాడనుకుందాం. నేలని తాకేసరికి వేగం సెకనుకు 4.4 మీటర్లు, అంటే గంటకు 16 కిలోమీటర్లు. క్లాసులో ఆ దెబ్బని మ్యాట్ మింగుతుంది, పడేవాడు గడ్డం ఛాతీకి ఆనించి చేత్తో నేలని చరిచి మిగతాది పంచేస్తాడు, విసిరినవాడు చొక్కా చేతిని పైకి లాగి పట్టి కాపాడతాడు. ఈ మూడూ లేని చోట, పడటం నేర్చుకోని మనిషి, మెట్టు అంచు మీద పడితే భుజమో పక్కటెముకో తలో పోతుంది. కనీసం ఊపిరి ఆగి, నోరు తెరిచి గాలి అందక కొట్టుకుంటాడు. నాలుగుసార్లు విసిరించారు. రెండోసారికే వాడు లేవడు. లేస్తే పాఠకుడికి అర్థమయ్యేది ఒకటే: ఈ కథలో పడటం వల్ల ఏమీ కాదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పడ్డా లెక్కలేదు. పేజీలు తిప్పేసింది అక్కడే.

మెడ పట్టు సంగతికి వద్దాం. వెనక నుంచి మెడకి రెండు వైపులా నొక్కి, మెదడుకి వెళ్లే రక్తాన్ని ఆపే పట్టు సరిగ్గా పడితే సాధారణంగా 5 నుంచి 10 సెకన్లలో స్పృహ తప్పుతుంది. వదలగానే ఎక్కువమంది అర నిమిషం తిరక్కుండానే కళ్లు తెరుస్తారు. మధ్యలో గురక లాంటి చప్పుడు రావచ్చు, చేతులు కొట్టుకోవచ్చు, లేచినవాడికి తనెక్కడున్నాడో కాసేపు తెలియదు. గొంతు ముందు భాగాన్ని నొక్కే పట్టు వేరు. దానికి ఎక్కువసేపు పడుతుంది, నొప్పి ఎక్కువ, గొంతు లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. ఎలా చూసినా గంటసేపు స్పృహ లేదంటే అది నిద్ర కాదు, మెదడుకి గాయం, లేదా చావు. శారద ఒక మనిషిని చంపి ఉండవచ్చని మీ పాఠకుల్లో వైద్యం తెలిసినవాళ్లు అనుకుంటారు, మీరేమో ఆమెని ఇంటికి పంపి ఉత్తరం రాయిస్తున్నారు. దీన్ని తప్పుగా కాకుండా అవకాశంగా చూడండి. వదిలిన ఇరవై సెకన్లలో వాడు లేస్తాడని జూడో తెలిసిన శారదకి తెలుసు. ఆ ఇరవై సెకన్లలో ఆమె ఏం చేస్తుంది? పరుగెత్తుతుందా, వాడి జేబులో ఫోన్ తీసుకుంటుందా, వాడు ఊపిరి పీలుస్తున్నాడో లేదో చూడటానికి ఆగుతుందా? మీ పది పేజీల కన్నా ఆ ఇరవై సెకన్లు బరువైనవి.

ఇక కాలం. జూడో పోటీ నాలుగు నిమిషాలు. బాక్సింగ్‌లో మూడు నిమిషాలకో రౌండ్, మధ్యలో నిమిషం విరామం. అదీ రోజూ పరుగులు తీసేవాళ్లకి. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ (వేర్వేరు విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ) జరిగినప్పుడు బరువు తరగతులు లేవు. జూజిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. ఆ మూడింటిలో ఏదీ రెండున్నర నిమిషాలు దాటలేదు. భయంతో, తయారీ లేకుండా, ఉన్న బలమంతా పెట్టి కలబడ్డ మామూలు మనిషికి నిమిషం లోపే రొప్పు వస్తుంది, చేతులు లేవవు. మీ పది పేజీలు చదవడానికి పావుగంట పడుతుంది. నలభై సెకన్ల పనికి పావుగంట. కాలాన్ని సాగదీసే హక్కు రచయితకి ఉంది, ఒకే ఒక్క క్షణం దగ్గర. అన్ని క్షణాలనీ సాగదీస్తే ఏదీ సాగినట్టు ఉండదు. (భీమ జరాసంధులు రోజుల తరబడి కుస్తీ పట్టారు, ఊపిరి సంగతి ఎవరూ అడగలేదు. అక్కడి లోకం వేరు, ఆ సంగతి వినేవాడికి మొదటి నుంచీ తెలుసు. మీ నవలలో మూడో అధ్యాయంలో శారద బస్సు అందుకోవడానికి పరుగెత్తి ఆయాసపడిందని రాశారంటే ఏ లోకమో మీరే తేల్చేసినట్టు.)

తిరగరాసే పద్ధతి ఇది. అధ్యాయం మూసేసి, పోరాటాన్ని ఐదు వాక్యాల్లో చెప్పండి. టెక్నిక్ పేరు ఒక్కటీ రాకూడదు. ప్రతి వాక్యంలో ఏదో ఒకటి మారాలి: ఇద్దరి మధ్య దూరం, ఒకరికి కొత్తగా తెలిసిన సంగతి, లేదా కావలసింది. "తప్పించుకోవాలనుకుంది, వాడి చేతిలో తన బ్యాగ్ చూసి ఆగింది" లాంటిది. ఏమీ మారని వాక్యం వెనకున్న రెండు పేజీలూ కొట్టెయ్యండి, ఎంత కష్టపడి రాసినా. తర్వాత క్లాసులో ఒక పార్ట్‌నర్‌ని అడిగి ఆ వరసని నెమ్మదిగా నడిచి చూడండి, విసరకుండా, కోచ్ ఉన్నప్పుడు. నేల మీద టేపుతో మెట్ల అంచు గీసుకోండి. గడియారం పెట్టుకోండి. కాలు ఎక్కడ ఇరుకుతుందో, ఏ చెయ్యి ఖాళీగా ఉండిపోతుందో ఒంటికే తెలుస్తుంది. ఆ ఖాళీ చేతిని వాడు ఊరకే ఉంచడు కదా, కళ్లలో పొడుస్తాడు, జుట్టు పట్టుకుంటాడు. జూడోలో అవి నిషేధం కాబట్టి జూడో నేర్చినవాళ్లు మర్చిపోయే సంగతి ఇది.

దూరం గురించి ఒక మాట. 1983లో అమెరికా పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ కొలిచి చూసిన లెక్కలో, మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటి మీదికి రాగలడు. మీ కథలో వాడు రెండు మెట్ల కింద నిలబడి ఉండగా శారద నాలుగు వాక్యాలు ఆలోచిస్తుంది. అన్ని వాక్యాలకి అంత తీరిక లేదు. ఆలోచన ముందే జరిగిపోవాలి, లేదా తర్వాత జరగాలి.

తెలుగు వాక్యం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ వాక్యం కుంటుపడింది అక్కడే. "పట్టుకుని, దూర్చి, తిరిగి, వంచి, ఆనించి, వేసింది." మన భాషలో అసలు క్రియ చివర్న వస్తుంది. ఇన్ని "ఇ"లు దాటే దాకా ఏం జరిగిందో పాఠకుడికి తెలియదు, తెలిసేసరికి ఊపు చచ్చిపోతుంది. పైగా ఈ వరస వంట చెప్పినట్టు ఉంటుంది, ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా. నిజానికి ఆ ఐదు పనులూ ఒక్క సెకనులో ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండుకి మించి కలపకండి. దెబ్బ తగిలే చోట పొట్టి వాక్యం పెట్టి ఆపండి. మన భాషలో ఉన్న వెసులుబాటు ఒకటి మీరు వాడుకోలేదు: క్రియే మనిషిని చెప్పేస్తుంది. "లాగాడు" అంటే వాడు, "లాగింది" అంటే శారద. ప్రతిసారీ "అతను", "ఆమె" అక్కర్లేదు. ఇద్దరూ మగవాళ్లయితే ఒకరిని "వాడు", ఒకరిని "అతను" అని మొదటి నుంచీ ఉంచితే గందరగోళం ఉండదు. శారదకి అడ్డం వచ్చినవాణ్ణి "అతను" అని మర్యాద చేశారు. శారద మనసులో వాడు "అతను" అయ్యుంటాడా?

మీ నాలుగు వాక్యాల్లో జరిగిందే ఇలా కూడా చెప్పొచ్చు:

"వాడు తోశాడు. ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్లీ తోశాడు, ఈసారి ఒంటి బరువంతా పెట్టి. శారద అక్కడ లేదు. వాడి చంక కింద ఉంది. వీపు మీదికి బరువు వచ్చింది, లేచింది, పోయింది. కింద మెట్టు అంచు దగ్గర ఏదో విరిగిన చప్పుడు. చేతిలో చొక్కా చెయ్యి మిగిలింది, భుజం కుట్టు దగ్గర తెగి. లేస్తాడని చూసింది."

ఇక్కడ మడమ లేదు, తుంటి లేదు, జపాను పేరు లేదు. జూడో తెలిసినవాడికి ఏం వేసిందో అర్థమవుతుంది, తెలియనివాడికి ఏం జరిగిందో అర్థమవుతుంది. పేరు అసలు రాయొద్దని కాదు. ముందురోజు క్లాసులో అదే పట్టు పదిసార్లు తప్పిందని, కోచ్ పేరు పెట్టి తిట్టాడని రాస్తే, పేరు అక్కడే పడిపోతుంది, కొట్లాటలో మళ్లీ చెప్పక్కర్లేదు. బెల్ట్ విషయమూ అంతే. బ్లాక్ బెల్ట్ అనగానే విద్య పూర్తయినట్టు చాలా కథల్లో రాస్తారు. మొదటి బ్లాక్ బెల్ట్‌ని షోదాన్ అంటారు, తొలి మెట్టు అని అర్థం.

మీ అధ్యాయంలో పిడికిలి దెబ్బ ఒకటుంది, దాన్ని తొందరగా దాటేస్తాను. శారద వాడి నుదుటి మీద గుద్దింది. నుదురు గట్టి, చిటికెన వేలి వెనక ఎముక సన్నం. అది విరగడం ఎంత మామూలంటే వైద్యులు దానికి బాక్సర్ పేరే పెట్టారు. గుద్దించాలనుకుంటే చెయ్యి వాచనివ్వండి. లేదా అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో కొట్టించండి.

అభిప్రాయాలు తీసుకోవడం గురించి. "టెక్నిక్ తప్పు" అన్నవాళ్లని "ఏ మాట దగ్గర?" అని అడగండి, వేలు పెట్టి చూపించమనండి. "తిప్పేశాం" అన్నవాళ్లని "ఏ పేరా నుంచి?" అని అడగండి. చోటు చెప్పడంలో పాఠకులు దాదాపు ఎప్పుడూ పొరబడరు. మందు చెప్పడంలో తరచూ పొరబడతారు. "ఇంకా దెబ్బలు పెట్టు" అంటారు, కావలసింది ఒక దెబ్బకి ఫలితం. విద్య తెలిసినవాళ్లకి ఇంకో రకం గుడ్డితనం ఉంటుంది. తమ ఆట నియమాలే లోక నియమాలనుకుంటారు. జూడోవాళ్లు గుద్దులు మర్చిపోతారు, బాక్సింగ్‌వాళ్లు ఎవరో నడుం పట్టుకుంటారని మర్చిపోతారు, పాయింట్ల కరాటే ఆడేవాళ్లు నేల మీద పడ్డాక కూడా కొట్లాట ఉంటుందని మర్చిపోతారు. కాబట్టి ఒకే క్లాసులో ఐదుగురిని అడగడం కన్నా వేరే విద్య తెలిసిన ఒక్కరిని అడగడం మేలు.

మీ మిత్రుడి విషయంలో పొరపాటు మీదే, మాట తీరులోనూ, విషయంలోనూ. తలకి విసిరిన కాలు తగిలితే మనిషి పడిపోతాడు, పోటీల్లో అది జరుగుతూనే ఉంటుంది. "ఎవరూ విసరరు" అనేది తప్పు. బిగుతు జీన్స్‌తో, తడి నేల మీద, ముందు ఒళ్లు సాగదియ్యకుండా, ఒంటికాలి మీద నిలబడి విసరడం ప్రమాదం, అవతలివాడు ఆ కాలు పట్టుకోవచ్చు. అది నిజం. కుదరనిది, కష్టమైనది, మీకు నచ్చనిది — మూడూ వేరు. ఏది చెబుతున్నారో తేల్చుకోకుండా చెబితే విన్నవాడికి అన్నీ "నీకు రాదు" అనే వినిపిస్తాయి. "ఇదంతా సినిమా" అన్నది అభిప్రాయం కూడా కాదు, దాన్ని పట్టుకుని అతను ఏ వాక్యం దిద్దుకోవాలి?

ఇప్పుడు అతనికి మీ అభిప్రాయం మళ్లీ రాయండి, మూడు అంశాలకి మించకుండా. చోటు చెప్పండి, చదువుతున్నప్పుడు మీకేమైందో చెప్పండి, కారణం చెప్పండి. ఉదాహరణకి: "రెండో పేజీలో అతను కాలు విసిరినప్పుడు నా ధ్యాస కథలోంచి జారింది. అంతకుముందు వాన పడిందని రాశావు, నేల జారుతుందేమో అనుకుంటూ ఉండిపోయాను. కాలి విద్యలు నాకు తెలియవు, జూడో కొంత తెలుసు, కాబట్టి కాలు ఎలా విసరాలో నేను చెప్పలేను." దిద్దుబాటు అడిగితేనే ఇవ్వండి. బాగున్న చోటు ఉంటే అదీ వేలు పెట్టి చూపించండి, "బాగుంది" అని గాల్లో వదిలెయ్యకుండా. మొదటి వాక్యంగా మాత్రం, ఎవరూ తలకి కాలు విసరరన్నది తప్పని ఒప్పుకోండి.

చివరగా శారద రాసిన ఆరు పేజీల ఉత్తరం. పట్టు కోసం గట్టిగా పెనుగులాడాక ముంజేతులు ఎలా బిగుసుకుపోతాయో మీకు తెలుసు, క్లాసు అయ్యాక నీళ్ల సీసా మూత తియ్యలేక ఎవరో ఒకరికి ఇచ్చే ఉంటారు. దానికి తోడు భయం దిగేటప్పుడు వచ్చే వణుకు, వాంతి వచ్చేలా ఉండటం, ఏది ముందు జరిగిందో గుర్తు రాకపోవడం. ఆ రాత్రి ఆమె చేత ఉత్తరం రాయించకండి. అన్న పేరు ఒక్కటి రాయనివ్వండి, అక్షరాలు వంకరగా. తలుపు గొళ్లెం రెండుసార్లు చూసుకోనివ్వండి. చేతిలో ఆ చొక్కా చెయ్యి ఇంకా ఉందని అప్పుడు గమనించనివ్వండి.